పబ్బుకు పిలిచారు, మేం తాగం: అబెరిస్ట్విత్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ. మీవారికి బ్రిటన్‌లో, వేల్స్ పడమటి తీరాన ఉన్న అబెరిస్ట్విత్‌లోని బ్రాంగ్లైస్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరిన వారంలోనే తోటివాళ్లు శుక్రవారం సాయంత్రం పబ్బుకు రమ్మన్నారు. మీ ఇంట్లో ఎవరూ తాగరు, శాకాహారులు. త్వరలో ఆరు నెలలు ఉండటానికి రాబోతున్న అత్తయ్యగారికైతే పబ్బు అన్న మాట వింటేనే ఒళ్లు మంట. వెళ్లకపోతే తప్పు పడతారా, వెళితే అక్కడ ఏం చేయాలి, ఏడేళ్ల పాపతో ఇంత చిన్న ఊళ్లో రోజులెలా గడుస్తాయి?

వెళ్లమనండి. వీలైతే మీరూ వెళ్లండి. గంటసేపు కూర్చుని వచ్చేయండి. తాగక్కర్లేదు, తాగనందుకు సంజాయిషీ కూడా చెప్పుకోనక్కర్లేదు.

ఎందుకు వెళ్లమంటున్నానో చెబుతాను. మేం ఈ ఊరికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, మావారిదీ అదే ఆసుపత్రి. ఇక్కడివాళ్లు మొదటి ఏడాదిలో మిమ్మల్ని ఇంటికి భోజనానికి పిలవడం అరుదు. అది చిన్నచూపు కాదు, వాళ్లలో వాళ్లూ అంతే. ఇల్లు అంటే ఇంటివాళ్లకి. స్నేహాలు, పలకరింపులు, ఊరి కబుర్లు అన్నీ బయటే. ప్లంబరు ఎవరు మంచివాడో, ఏ ఇల్లు అద్దెకు ఖాళీ అవుతోందో, బడిలో కొత్త టీచరు ఎలా ఉందో ఇంటర్నెట్‌లో దొరకదు. పబ్బులోనో, బడి గేటు దగ్గరో, సముద్రపు ఒడ్డున నడకలోనో తెలుస్తుంది. మనవాళ్లు కొందరు ఏళ్ల తరబడి ఆసుపత్రి, ఇల్లు, శనివారం బర్మింగ్‌హామ్ ఇండియన్ షాపులు, ఇంతే తిరిగి, 'ఈ ఊళ్లో మనుషులే లేరు' అంటూ మాంచెస్టర్‌కో లెస్టర్‌కో వెళ్లిపోయారు. మనుషులున్నారు. వాళ్లు ఉండే చోటికి వీళ్లు వెళ్లలేదు.

పబ్బు అనగానే మన కళ్ల ముందు బార్ అండ్ రెస్టారెంట్ కనబడుతుంది: చీకటి గది, అంతా మగవాళ్లు, బయట పార్కింగు దగ్గర గొడవ. ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. కిటికీ పక్కన ఒక పెద్దావిడ టీ తాగుతూ పేపరు చదువుకుంటుంటుంది, కాళ్ల దగ్గర కుక్క పడుకుని ఉంటుంది. (కుక్కలంటే భయమైతే ముందే మనసు గట్టి చేసుకోండి. ఇక్కడ పబ్బుకు పిల్లలకన్నా కుక్కలే ఎక్కువ వస్తాయి.) పబ్బు అంటే వాళ్ల రచ్చబండ అని మనవాళ్లు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. రచ్చబండ మీద కూర్చోడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. పబ్బు ఒక కుటుంబం బతుకుతెరువు. వచ్చి కూర్చున్నారంటే ఏదో ఒకటి కొనాలి, కొనకుండా గంటలు కూర్చోవడం మర్యాద కాదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం బెంగ తీరిపోతుంది. మీరు కొన్నది బీరా, నిమ్మకాయ సోడానా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

ఇంకో మాట. తాగనివాళ్లంటే ఇక్కడ వింత కాదు. పశ్చిమ వేల్స్ అంతా చాపెళ్ల దేశం. ఊరూరా మెథడిస్టు, బాప్టిస్టు, ఇండిపెండెంటు ప్రార్థన మందిరాలు. మద్యం ముట్టనని ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టిన తరాలు ఇక్కడ గడిచాయి. 1881లో వేల్స్‌కు ప్రత్యేకంగా చట్టం చేసి ఆదివారాలు పబ్బులన్నీ మూయించారు. 1961లో ఆ నిర్ణయాన్ని జిల్లాలకే వదిలేసి, ఏడేళ్లకోసారి ఓటు పెట్టారు. కార్డిఫ్, స్వాన్సీ వెంటనే తెరుచుకున్నాయి. మన జిల్లా కెరెడిగ్యన్, అప్పట్లో కార్డిగన్‌షైర్, 'వద్దు, మూసే ఉంచండి' అంది. అన్నిటికన్నా చివర ఉత్తరాన డుయ్‌వోర్ ప్రాంతం 1996లో తెరిచింది. ప్రైవేటు క్లబ్బులకు ఆ చట్టం వర్తించేది కాదు కాబట్టి దాహం ఆగనివాళ్లు దారి వెతుక్కున్నారనుకోండి, అది వేరే సంగతి. అందుకే మీ పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ల ఆయనతో 'నేను తాగను' అంటే ఆయనకు తన తాత గుర్తొస్తాడు. ఎందుకని అడగడు. అడిగేది, బలవంతం చేసేది ఎక్కువగా బయటి నుంచి వచ్చిన కుర్ర డాక్టర్లే. మనవాళ్లూ అందులో ఉన్నారు.

ఇక లోపల ఎలా నడుచుకోవాలో. వెళ్లగానే ఎవరో వచ్చి కూర్చోబెట్టి మెనూ ఇస్తారని చూడకండి. ఖాళీ బల్ల చూసుకుని కోటు పెట్టుకోండి, ఒకరు కౌంటరు దగ్గరికి వెళ్లండి. అక్కడ వరసలా ఏమీ కనబడదు, అందరూ కౌంటరుకు ఆనుకుని అడ్డదిడ్డంగా నిలబడి ఉంటారు. కానీ వరస ఉంది. ఎవరి తర్వాత ఎవరో అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు, కౌంటరు వెనకాలమ్మాయికీ తెలుసు. మీకన్నా ముందొచ్చినవాళ్లను వదిలేసి పొరపాటున మిమ్మల్ని అడిగితే 'ఆయన ముందొచ్చారు' అని చూపించండి. ఆ ఒక్క మాటకు వచ్చే గౌరవం పది క్షమాపణలకు రాదు. చెయ్యి ఊపడం, నోటు పైకెత్తి చూపడం, 'ఎక్స్‌క్యూజ్ మీ' అని కేకేయడం, చిటికె వేయడం పనికిరావు. కౌంటరు వైపు చూస్తూ ఊరికే నిలబడితే చాలు. డబ్బు అప్పటికప్పుడు ఇచ్చేయాలి. భోజనం చెప్పాలంటే బల్ల నంబరు చూసుకుని వెళ్లాలి. టిప్పు అక్కర్లేదు.

మీవారు బాగా తెలుసుకోవలసింది రౌండ్ల పద్ధతి. నలుగురు కలిసి వెళితే ఎవరిది వాళ్లు కొనుక్కోరు. మొదట ఒకరు లేచి నలుగురికీ తెస్తారు, అది అయ్యాక రెండో మనిషి, తర్వాత మూడో మనిషి. ఎవరూ లెక్క పైకి చెప్పరు, ఎవరూ మర్చిపోరు. మనవాళ్ల ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది: 'నేను తాగింది ఒక సోడా, నలుగురి బీర్లకు నేనెందుకు ఇరవై పౌండ్లు పెట్టాలి?' న్యాయమైన ప్రశ్నే. తప్పుకునే దారి కూడా మర్యాదగానే ఉంది. కూర్చోగానే 'నేను గంటలో వెళ్లాలి, నాది నేను తెచ్చుకుంటాను' అంటే సరిపోతుంది. చెప్పకుండా మూడుసార్లు అవతలివాళ్లు తెచ్చిన సోడా తాగి లేచిపోవడమే కూడనిది. అది వారం తిరక్కుండా వార్డులో తెలిసిపోతుంది. నన్నడిగితే మొదటిసారి మొదటి రౌండు మీవారినే కొనమంటాను. ఆ తర్వాత ఎంత తొందరగా లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకొకరికి మద్యం కొనివ్వడమే మీకు పట్టింపైతే రెండు మూడు క్రిస్ప్స్ (మనం చిప్స్ అనేవి) ప్యాకెట్లు కొని, నిలువునా చింపి, పళ్లెంలా పరిచి బల్ల మధ్యలో పెట్టమనండి. అది ఇక్కడి ఆనవాయితీ, అందరూ చెయ్యి పెడతారు. పక్కనే వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ ప్యాకెట్లు మాత్రం తీసుకోకండి, అవి పంది చర్మం వేపుడు.

తాగేవాటిలో కొన్ని జాగ్రత్తలు. లైమ్ అండ్ సోడా అన్నిటికన్నా చవక, ఎక్కడైనా దొరుకుతుంది. సైడర్ అంటే యాపిల్ రసం కాదు, బీరుకన్నా ఘాటుగా ఉండేవీ ఉంటాయి. షాండీలో సగం బీరే. జింజర్ బీర్ పేరుకే బీరు, కానీ అందులో మద్యం కలిసిన రకాలూ వస్తున్నాయి కాబట్టి సీసా మీద చూసుకోవాలి. ఆల్కహాల్ ఫ్రీ అని రాసినవాటిలోనూ కొన్నింటిలో 0.5 శాతం దాకా ఉంటుంది. మీకది పట్టింపైతే 0.0 అని ఉన్నదే అడగండి. గ్లాసులెత్తి 'యెఖిద్ దా' (ఆరోగ్యంగా ఉండాలి) అన్నప్పుడు నిమ్మకాయ సోడా గ్లాసు ఎత్తినా చెల్లుతుంది. అప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, గ్లాసులోకి కాదు.

శాకాహారం దొరుకుతుంది కానీ కళ్లు తెరుచుకుని ఉండాలి. కాల్ అని ఒక పులుసు ఉంటుంది, దుంపలు, లీక్స్ (లావుపాటి ఉల్లికాడల్లాంటివి) వేసి ఘుమఘుమలాడుతూ వస్తుంది. అందులో మామూలుగా గొర్రె మాంసం ఉంటుంది. వెల్ష్ రేర్‌బిట్ అంటే చీజు పూసి కాల్చిన రొట్టె. చూడటానికి అమాయకంగా ఉంటుంది, ఆ చీజులో బీరు కలపడం రివాజు. గ్లామోర్గన్ సాసేజ్ పేరు విని భయపడకండి, అది చీజు, లీక్స్, బ్రెడ్డు పొడితో చేసేదే, మాంసం ఉండదు. చిప్స్ (ఇక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్‌లాంటి వాటిని అలా అంటారు) ఏ నూనెలో వేయించారో అడగండి, కొన్నిచోట్ల గొడ్డు కొవ్వు వాడతారు. అడిగితే విసుక్కోరు, వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. వేళలు మాత్రం కచ్చితం. మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటినా, రాత్రి ఎనిమిదిన్నర దాటినా వంటగది మూసేస్తారు. పల్లెల్లో పబ్బులు సోమ, మంగళవారాలు అసలు తెరవకపోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం రోస్టు భోజనానికి ముందే చెప్పి ఉంచుకోవాలి. ఒకప్పుడు ఆదివారం తలుపులే తెరవని జిల్లాలో ఇప్పుడు ఆదివారమే బల్ల దొరకదు.

పాపను తీసుకెళ్లొచ్చా అంటే, నిక్షేపంగా. పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లలు రావచ్చు. చాలాచోట్ల రాత్రి ఎనిమిది, తొమ్మిది తర్వాత పిల్లల్ని ఉంచనివ్వరు, అది ఏ పబ్బుకాపబ్బు పెట్టుకునే నియమం. కౌంటరు దగ్గర నిలబడనివ్వకండి, బల్ల దగ్గరే రంగు పెన్సిళ్లు ఇచ్చి కూర్చోబెట్టండి. లోపల పొగ భయం లేదు, వేల్స్‌లో 2007 ఏప్రిల్ 2 నుంచి నిషేధం. గుమ్మం బయట మాత్రం పొగరాయుళ్లు గుంపుగా ఉంటారు, దాటుకుని వెళ్లాలి.

అన్ని పబ్బులూ ఒకటి కావు. రైల్వే స్టేషను పాత భవనంలో వెదర్‌స్పూన్ అనే పబ్బుల చెయిన్‌వాళ్లది ఒకటి ఉంది, పేరు అర్ హేన్ ఓర్సావ్. ఎత్తైన పైకప్పు, తక్కువ ధరలు, టీ కాఫీలు. ఎవరితోనూ మాట్లాడాల్సిన పనిలేదు, ఫోన్లోనే ఆర్డరు పెట్టొచ్చు. తొలిసారి బెరుకు తీరడానికి మంచిదే కానీ అక్కడ ఎవరూ పరిచయం కారు. కూప్స్ అని పిలిచే కూపర్స్ ఆర్మ్స్ వేరు. చిన్నది, ఇక్కడివాళ్ల సొంత భాష వెల్ష్‌లో మాటలు, పాటలు, పైగా వాయిద్యాలు. సముద్రం ఒడ్డు వీధిలోవి వేసవిలో యాత్రికులవి, టర్ము నడుస్తుంటే విద్యార్థులవి. 1872 నుంచి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కదా, సెప్టెంబరు చివరి నుంచి జనం ఒక్కసారిగా పెరుగుతారు. బుధవారం రాత్రి ఆటల జట్ల కుర్రాళ్లు వేషాలు వేసుకుని ఊరంతా తిరుగుతారు. ఎవరికీ కీడు చేయరు, కానీ ఆ రాత్రి మీ అత్తయ్యగారితో పియర్ (సముద్రంలోకి కట్టిన వేదిక) దగ్గరి వీధిలో నడవకండి. ఆవిడ అభిప్రాయం ఇక ఈ జన్మలో మారదు.

చేదు మాట కూడా చెప్పాలి. ఎప్పుడో ఒకసారి తాగినవాడెవడో మన రంగు మీదో, ఊరి మీదో నోరు పారేసుకుంటాడు. మాకూ ఎదురైంది. తిరిగి వాదించకండి, కౌంటరు దగ్గర చెప్పండి. పబ్బు నడిపేవాళ్లకు ఎవరినైనా బయటికి పంపే హక్కుంది, పంపుతారు కూడా. అక్కడున్న మిగతావాళ్ల ముఖాలు చూస్తే మీకు ధైర్యం వస్తుంది.

ఇంకో భయం మనవాళ్లందరూ చెప్పేది: 'మేం లోపలికి అడుగుపెట్టగానే ఇంగ్లీషు మానేసి వెల్ష్‌లోకి మారిపోయారు, మన గురించే.' మారలేదండీ. మీరు రాకముందూ వాళ్లు వెల్ష్‌లోనే మాట్లాడుకుంటున్నారు. 2021 జనగణన ప్రకారం కెరెడిగ్యన్‌లో నూటికి 45 మందికి వెల్ష్ వచ్చు. మీరూ నేనూ ఆసుపత్రి కాంటీన్‌లో తెలుగులో మాట్లాడుకుంటే పక్క బల్లవాళ్ల గురించేనా? పైగా ఈ ఊరికి భాష అంటే ప్రాణం. కోర్టు సమన్లు వెల్ష్‌లో ఇవ్వాలని 1963 ఫిబ్రవరి 2న విద్యార్థులు త్రెవెఖాన్ వంతెన మీద కూర్చుని రాకపోకలు ఆపేశారు. వెల్ష్ భాషా సంఘం మొదటి ఆందోళన అదే. ఊరి దక్షిణం వైపు వెళ్లినప్పుడల్లా మీరు దాటేది ఆ వంతెనే. అందుకని మీవారు తాగడం నేర్చుకోనక్కర్లేదు గానీ పలకరింపుకు 'షుమై', కృతజ్ఞతకు 'డియోల్ఖ్', పొద్దున్నే 'బోరె దా' నేర్చుకోవాలి. కొండల మీది నుంచి వచ్చిన ముసలి రైతు నొప్పి ఎక్కడో ఇంగ్లీషులో సరిగ్గా చెప్పలేక ఇబ్బంది పడేటప్పుడు ఆ రెండు ముక్కలు మందులా పనిచేస్తాయి. ఆరోగ్య రంగంలో ఉన్నవాళ్లకు ఉచితంగా నేర్పే కోర్సులున్నాయి, చేరిన కొత్తలోనే అడిగి పెట్టుకోమనండి. నేర్చుకునేవాళ్ల కోసం టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే కూటాలు కూడా జరుగుతుంటాయి, కొన్ని పబ్బుల్లోనే. తప్పులు మాట్లాడినా మురిసిపోతారు.

పాప బడి గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగి వదిలేశారు గానీ నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. వెల్ష్ మాధ్యమం బళ్లో వేయండి. వేల్స్‌లో మొట్టమొదటి వెల్ష్ మాధ్యమం ప్రాథమిక పాఠశాల పుట్టింది ఈ ఊళ్లోనే, 1939లో, ఏడుగురు పిల్లలతో. ఏడేళ్ల వయసు ఆలస్యం కాదు, కొత్తగా వచ్చిన పిల్లలకు కొన్ని నెలలు భాష మీదే శిక్షణ ఇచ్చే పద్ధతి ఉంది. కౌన్సిల్‌ను అడగండి. 'రేపు ఊరు మారితే?' అంటారు. ఇంగ్లీషు ఎటూ పోదు, వీధిలో, టీవీలో, స్నేహితుల్లో అదే. ఇంట్లో తెలుగు మీ చేతిలో ఉంది. వెల్ష్ ఒక్కటే బడి ఇవ్వాలి. అది వచ్చిన పిల్లకు ఈ ఊళ్లో మూయబడిన తలుపంటూ ఉండదు, ఆ పిల్ల వెనక తల్లిదండ్రులకూ ఉండదు. మార్చి 1న సెయింట్ డేవిడ్ పండగకు పొడవాటి నల్ల టోపీ, శాలువా, ఎర్ర పావడా వేసుకుని డాఫొడిల్ పువ్వు పెట్టుకుని బడికి వెళుతుంది. 1922లో పుట్టిన అర్ధ్ అనే పిల్లల సంస్థ ఏటా పద్యాలు, పాటల పోటీలు పెడుతుంది. వేమన పద్యాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లలకు అది ఆటే. ప్రాథమిక బళ్లో మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితం. శాకాహారమని ముందే రాసివ్వండి.

క్విజ్ రాత్రి మాట మర్చిపోయాను. తాగనివాళ్లకు పబ్బులో అంతకన్నా మంచి కాలక్షేపం లేదు. మనిషికి ఒకటో రెండో పౌండ్లు, నలుగురైదుగురు ఒక జట్టు. సైన్సు, క్రికెట్ ప్రశ్నలకు మీవారికోసం జట్లు కొట్టుకుంటాయి. రగ్బీ ప్రశ్నలకు మీరేమీ చెప్పలేకపోయినా పర్వాలేదు. వారం వారం అదే రోజు, అదే బల్ల దగ్గర కనబడటమే ముఖ్యం. రెండు నెలలకల్లా కౌంటరు దగ్గర మీరు నోరు తెరవకముందే నిమ్మకాయ సోడా వచ్చేస్తుంది. ఆ తర్వాత వారం మీరు వెళ్లకపోతే ఒంట్లో ఎలా ఉందని ఎవరో ఒకరు కనుక్కుంటారు. ఫిబ్రవరి, మార్చిల్లో సిక్స్ నేషన్స్ రగ్బీ రోజుల్లో మాత్రం ఆటకు గంట ముందే వెళ్లాలి. జాతీయగీతం మొదలవగానే పబ్బంతా లేచి గొంతెత్తి పాడుతుంది. మాటలు రాకపోయినా లేచి నిలబడండి.

పబ్బులు కూడా కష్టాల్లోనే ఉన్నాయి. కరెంటు, అద్దె, జీతాలు పెరిగాయి, ఇంట్లో కూర్చుని తాగడం చవకైంది. పల్లెల్లో ఒక్కొక్కటీ మూతపడుతుంటే కొన్నిచోట్ల ఊరివాళ్లే వాటాలు వేసుకుని కొనుక్కుంటున్నారు. హ్లీన్ ద్వీపకల్పంలో హ్లిథ్వాయిన్ అనే కుగ్రామంలో తఫార్న్ ఎ విక్ 1988 నుంచి అలాగే నడుస్తోంది. మనకు దగ్గర్లో ఆయ్‌రాన్ లోయలో తఫార్న్ ఎ వేల్‌ను కూడా ఈమధ్యే ఊరంతా కలిసి నిలబెట్టుకుంది. నిలబెట్టడానికి వాటాలు కొన్నవాళ్లలో చుక్క ముట్టనివాళ్లూ ఉంటారు. పబ్బు పోతే శీతాకాలంలో నలుగురు కలిసే వెచ్చని గది పోతుందని వాళ్ల బాధ.

కారు విషయం గట్టిగా చెప్పాలి. వేల్స్‌లో తాగి నడపడానికి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. పక్కవాళ్లు 'ఒక పింటు (పెద్ద గ్లాసు) బీరు తాగితే ఏం కాదులే' అంటారు. ఎప్పుడైనా మీవారికి ఒక గుక్క సరదా పుట్టినా స్టీరింగు ముట్టకూడదు. శిక్ష పడితే డాక్టరు ఆ సంగతి జీఎంసీకి (డాక్టర్ల రిజిస్ట్రేషను చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు) తనే చెప్పుకోవాలి, పోయేది లైసెన్సు ఒక్కటే కాదు. నిజానికి తాగని మనిషికి ఇక్కడ విలువ రాత్రి పదింటి తర్వాతే తెలుస్తుంది. టాక్సీలు తక్కువ, బస్సులు ఉండవు. అందరినీ ఇళ్ల దగ్గర దింపేది మీవారే అవుతారు. నాలుగుసార్లు దింపితే నాలుగు కుటుంబాలు మీకు సొంతమవుతాయి. ఊళ్లలో వేగం మామూలుగా గంటకు 20 మైళ్లు, 2023 సెప్టెంబరు నుంచి. ఇంగ్లండ్ అలవాటుతో 30లో పోతే జరిమానా ఇంటికొస్తుంది.

సరుకుల సంగతి క్లుప్తంగా: టెస్కో, మారిసన్స్ ఉన్నాయి, కందిపప్పు, బాస్మతి దొరుకుతాయి. సోనామసూరి, చింతపండు, గోంగూర, మన కూరగాయల కోసం నెలకోసారి బర్మింగ్‌హామ్. రైలులో మూడు గంటల పైమాటే. గాలికి, వానకు రైలు ఆగే రోజులుంటాయి కాబట్టి బియ్యం ఎప్పుడూ ఒక బస్తా ముందుండాలి. మందుల చీటీకి డబ్బు కట్టక్కర్లేదు, 2007 నుంచి వేల్స్‌లో ఉచితం. ఈ సౌకర్యాలు సందర్శకుల వీసా మీద వచ్చే అత్తయ్యగారికి వర్తిస్తాయని మాత్రం అనుకోకండి. ఆసుపత్రిలో చేరితే బిల్లు వేస్తారు. అక్కడి నుంచే మంచి ఆరోగ్య బీమా తీసుకుని బయల్దేరమనండి.

ఆవిడ గురించే కొంచెం ఆలోచించి ముహూర్తం పెట్టండి. ఈ ఊళ్లో అసలు పరీక్ష పబ్బు కాదు, నవంబరు నుంచి ఫిబ్రవరి. సాయంత్రం నాలుగింటికే చీకటి, పక్క నుంచి కొట్టే వాన, గొడుగును ఎగరేసుకుపోయే గాలి. మన దగ్గర ఎండలో పెరిగిన పెద్దవాళ్లకు ఆ నాలుగు నెలలు జైలు. ఏప్రిల్‌లో తీసుకొచ్చి సెప్టెంబరు చివర పంపండి. ఒడ్డు పొడవునా చదునైన ప్రామెనేడ్ (నడకదారి) ఉంది, మోకాళ్ల నొప్పులవాళ్లకూ ఇబ్బంది లేదు, బెంచీలున్నాయి. ఉత్తరం కొసన కొండ కింద ఇనుప కమ్మీ ఉంటుంది, అక్కడిదాకా నడిచినవాళ్లు దాన్ని కాలితో తన్ని వెనక్కి తిరగాలి, ఎందుకని అడక్కండి. ఆ కొండ ఎక్కడానికి 1896 నాటి చిన్న రైలు. ఆవిడ చలికాలంలోనే రావలసివస్తే పొద్దుగుంకే వేళ పియర్ దగ్గరికి తీసుకెళ్లండి, గోరింక జాతి పిట్టలు వేలకు వేలు ఆకాశంలో సుళ్లు తిరిగి పియర్ కింద గూటికి చేరతాయి. దానికి టికెట్ లేదు.

ఇక ఆవిడకు గుడి లేని లోటు తీరుస్తుంది స్కందవేల్. కార్మార్థెన్‌షైర్‌లో హ్లాన్‌పిమ్‌సైంట్ దగ్గర అడవిలాంటి లోయలో 1973 నుంచి ఉన్న ఆశ్రమం. సుబ్రహ్మణ్యస్వామికి, శక్తికి, రంగనాథస్వామికి వేర్వేరు గుళ్లున్నాయి. రోజూ పూజలు, వచ్చినవాళ్లకు అన్నదానం. పూజలు చేసేవాళ్లలో తెల్లవాళ్లే ఎక్కువ. ఆవిడ మొదట అనుమానంగా చూసినా, నిష్ఠ చూశాక మనసు మార్చుకుంటారు, మా అమ్మ విషయంలో అదే జరిగింది. మాంసాహారం మానేసి వెళ్లాలన్న నియమం అక్కడ కచ్చితం. మీకు ఇబ్బంది లేదు, తోడుగా ఇంకెవరినైనా తీసుకెళితే ముందే చెప్పండి. పూజ వేళలు చూసుకుని బయల్దేరండి. కార్మార్థెన్‌కు రైలు 1965లోనే తీసేశారు, టీ1 బస్సు ఉంది కానీ ఆ లోయ దాకా వెళ్లదు. కారులో ఇరుకు దారుల మీద గంటన్నర దాకా పట్టొచ్చు, కొత్త చేతులతో చీకటి పడ్డాక ఆ దారిలో రావద్దు. ఉదయం పూజకు వెళ్లి, భోజనం చేసి, వెలుతురు ఉండగానే ఇల్లు చేరేలా చూసుకోండి.